ఆ మధ్యాహ్నం ఎక్కడున్నరు?

“ఏడున్నది ఆ కాయితం? ఇటియ్యుండ్రి, చింపి మోర్ల పారేస్త!”

గోపాల్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి నట్టింట్లోకి వచ్చేశాడు. కుర్చీలో కూర్చున్న అన్న వెంకట్రాజం లేవలేదు. దేవుడి గూటివైపు ఒకసారి చూసి, చూడనట్టే తల దించుకున్నాడు. ఆ చూపు చాలు గోపాల్‌కి. రెండు అంగల్లో గూటి దగ్గరికి వెళ్లాడు.

“చెప్పుల కాళ్లతోని దేవుని కాడికి పోకు గోపాలూ,” అంది అనసూయ వంటింటి తలుపు దగ్గర నిలబడి. “ఆ కాయితం ముట్టకు.”

ఆమె గొంతు పెంచలేదు. అయినా గోపాల్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆరు రోజులుగా మట్టెవాడలోని ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినడం లేదు. ఆ నాలుగు టైపు కాగితాలు దేవుడి గూట్లో కుంకుమ భరిణె కింద అలాగే పడి ఉన్నాయి. వకీలు కిషన్ రావు హైకోర్టుకు పంపడానికి రాయించిన ప్రమాణ పత్రం అది. ఎనిమిదేళ్ల కిందట రాయమల్లు అనే కూలివాడి గుడిసె వెనక నెత్తుటి గొడ్డలి దొరికిందని పోలీసులు రాసిన పంచనామా మీద తాను ఏమీ చూడకుండానే సంతకం పెట్టానని, తర్వాత కోర్టులో ‘కళ్లారా చూశాను’ అని చెప్పింది అబద్ధమని వెంకట్రాజం అందులో ఒప్పుకోవాలి. ఆ గొడ్డలి మీదనే హత్య కేసులో రాయమల్లుకు యావజ్జీవం పడింది. సంతకం పెడితే అతను బయటికి వచ్చే దారి దొరుకుతుంది. పెట్టకపోతే లేదు.

“వదినె, నీకు సమజైతాందా?” గోపాల్ ఇటు తిరిగాడు. “అబద్ధం సాక్ష్యం జెప్పిన అని ఒప్పుకుంటే ఏడేండ్లదాంక లోపలేస్తరట. నేను అడిగి తెలుసుకున్న. రాయమల్లు బయటికొస్తడు, మా అన్న లోపలికి పోతడు. గదేనా నీకు గావాల్సింది?”

“చెయ్యని తప్పుకు ఒకాయన ఎనిమిదేండ్ల నుంచి లోపలున్నడు కద. చేసిన తప్పుకు ఈయన నాలుగొద్దులుంటే ఏమైతది?”

“ఎవడో కూలోనికోసం కట్టుకున్నోణ్ని జైలుకు పంపుతనంటానవ్. నువ్వేం మనిషివి వదినె!”

ఆ ప్రశ్న అనసూయ తనను తానే ఆరు రోజులుగా అడుగుతోంది.

గోపాల్ అన్న వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “అన్నా, నువ్వన్న చెప్పు. మన బజార్ల ఎవడు పెట్టలే సంతకం? ఎస్సై జీపు వచ్చి దుకాణం ముంగట ఆగితే చాయ్ తాపి సంతకం పెట్టుడే కద అందరు చేసేది. నువ్వొక్కనివే చేసినవా?”

ఇందులో అబద్ధం ఏమీ లేదు. పోలీసులకు ఏ వస్తువు దొరికినా ఇద్దరు పెద్దమనుషులు పక్కనుండి చూడాలని చట్టం చెబుతుంది. వాళ్లనే పంచులు అంటారు. కానీ మండే ఎండలో పొలం గట్ల వెంట నడిచి వెళ్లే పెద్దమనిషి ఎక్కడ దొరుకుతాడు? అందుకని కాగితమే దుకాణానికి నడిచి వచ్చేది. సేటు ఒక చేత్తో తూకం రాళ్లు సర్దుతూ రెండో చేత్తో సంతకం గీకేవాడు. పంచుగా పిలిచారంటే అదొక పరపతి. నర్సంపేట తొవ్వలో దుకాణం ఉన్న రోజుల్లో వెంకట్రాజం అలా తొమ్మిది పంచనామాల మీద సంతకాలు చేశాడు. ఒక్కదాన్నీ చదవలేదు. ఆ తొమ్మిదింటిలో ఎనిమిదింటిని కోర్టు కూడా అడగలేదు. తొమ్మిదోదాన్ని అడిగింది. ‘చూశావా’ అంటే ‘చూశాను’ అన్నాడు. లేదంటే ఎస్సై ముఖం ఎలా చూడాలి?

చెడ్డవాడు కాదండీ వెంకట్రాజం. చెడ్డవాడైతే ఆ సంతకాలకు ఏదో ఒకటి పుచ్చుకునేవాడు. ఈయన ఎదురు చాయ్‌లు పోసి మరీ పెట్టాడు.

“నువ్వు మాట్లాడవు,” అన్నాడు గోపాల్ విసుగ్గా. “సరే. నేను జెప్పేది జెప్పిన. ఎనుమాముల మిర్చి యార్డుల అప్పుడే గుసగుస మొదలైంది. నిన్న ఇద్దరు ఆసాములు మన కాంట కాడికి రాకుంట పక్కోనికి పోయిండ్రు. ఈ లొల్లి తేలేదాంక నువ్వు దుకాణంల కూసోకు. ఇంట్లనే ఉండు.”

“నన్నే రావద్దంటానవా?” ఆరు రోజుల్లో వెంకట్రాజం తమ్ముడితో అన్న మొదటి మాట ఇది.

“అంటాన. ఏం జెయ్యమంటవ్ మరి?”

గోపాల్ వచ్చినంత వేగంగానే వెళ్లిపోయాడు. వీధిలో స్కూటర్ చప్పుడు దూరమయ్యేదాకా అన్నగారు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు భుజాన ఎత్తుకుని తిప్పిన తమ్ముడు. మనసు చివుక్కుమంది.

*

అనసూయ అన్నం పెట్టింది. ఆ ఇంట్లో వాడకంలో ఉన్న కంచాలు రెండే. ఒకటి అతనిది, ఒకటి ఆమెది. పిల్లలు లేరు. ఒక్కతే పుట్టింది, నాలుగు రోజులు ఉండి పోయింది. ఆ తర్వాత ఎన్ని దవాఖానలు తిరిగినా, ఎన్ని మొక్కులు మొక్కినా మళ్లీ కడుపు పండలేదు.

“ఇయ్యాల సంతకం పెట్టాలె,” అంది చారు పోస్తూ. “సోమవారం హైకోర్టుల పేషీ ఉన్నదట. వకీలు సారు రేపు పొద్దుగాల బండికి హైదరాబాద్ పోతాండు.”

“ఊఁ.”

“ఊఁ అంటే?”

అతను మెతుకులు కెలుకుతున్నాడు. ఆమె చారు గిన్నె కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆరు రోజులుగా దాచుకున్నది ఇవాళ ఆగేలా లేదు.

“అప్పటి మీ సాక్ష్యం వకీలు సారు నాకు చదివి ఇనిపిచ్చిండు. ‘మార్చి తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం పన్నెండు గంటలకు నేను ముద్దాయి గుడిసె కాడ ఉన్న, గొడ్డలి తీసుడు చూసిన’ అని దేవుని మీద ఒట్టేసి చెప్పిండ్రు. ఆ తారీఖు ఇన్నంక నాకు కాళ్లు చేతులు ఆడలే. ఆ తారీఖు నేను మరుస్తనా?”

వెంకట్రాజం చెయ్యి కంచంలోనే ఆగింది.

“ఆ మధ్యాహ్నం నా బిడ్డను మన్నుల పెట్టవోయిండ్రు మీరు. నేను దవాఖాన మంచం మీద గోడకేసి తిరిగి పండుకున్న. పాలు గట్టి రొమ్ములు సలుపుతాన్నయి. పక్క మంచమామె బిడ్డ ఏడుస్తాంటే చెవులు మూసుకున్న. అప్పుడు నేను ఒక్కటే అనుకున్న. నా బిడ్డ ఒంటరిగ పోలే, తండ్రి చేతుల మీదంగ పోయింది అని. నాకు మిగిలింది గదొక్కటే. దాన్ని గూడ మీరు కోర్టుల నిలవడి లేదన్నరు. ఆ దినం నేనేడనో పొలాల పొంటి గొడ్డలి చూస్తాన్న అన్నరు.”

“అనసూయా…”

“నాకేం జెప్పకుండ్రి. కోర్టుల జెప్పిందాన్ని కోర్టులనే కొట్టేయుండ్రి. నా బిడ్డ దినం నాకు వాపస్ ఇయ్యుండ్రి. రాయమల్లు పెండ్లానికి ఆమె మొగణ్ని ఇయ్యుండ్రి. నేను ఇంకేం అడుగుతలేను.”

ఆమె లేచి గూట్లోంచి కాగితాలు తీసి అతని పక్కన పీట మీద పెట్టింది. చెంగుతో ముఖం తుడుచుకుని, మూలనున్న సంచీ భుజాన వేసుకుంది.

“నేను వకీలు ఇంటికి పోతాన. రాయమల్లు పెండ్లాం మొగిలమ్మ గూడ అక్కడికే వస్తాంది. మూడు గంటలదాంక చూస్తం. వస్తే రాండ్రి.”

తలుపు చేరవేసిన చప్పుడు వినిపించింది. వెంకట్రాజం చెయ్యి కడుక్కుని వచ్చి, బతుకులో మొదటిసారి, సంతకం అడిగిన కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు.

మొదటి పేజీలో తన పేరు, తండ్రి పేరు, వ్యాపారం. రెండో పేజీలో పంచనామా సంగతి. అంతా నిజమే. మూడో పేజీలో ఐదో పేరా దగ్గర వేలు ఆగిపోయింది.

‘సదరు దినమున మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ నేను వరంగల్లు శ్మశానవాటికలో, నాలుగు దినముల వయసు గల నా కుమార్తెను స్వయముగా ఖననం చేయుచుంటిని. కావున సదరు పంచనామా స్థలమునందు నేను ఉండుట అసంభవము.’

అనసూయ చెప్పింది, వకీలు రాయించాడు. బలమైన మాట. ఏ జడ్జి చదివినా కరిగిపోయే మాట.

నిజం కాదు.

ఆ తెల్లవారుజామున పాప పోయింది. గుడ్డలో చుట్టి చేతికిచ్చారు. దవాఖాన గేటు దాకా నడిచాడు వెంకట్రాజం. అక్కడ, అనసూయకు క్యారియర్ తీసుకొచ్చిన తన దుకాణం హమాలీ కట్టయ్య నిలబడి ఉన్నాడు. ఆ మూట బరువు లేదు. బరువు లేకపోవడమే అతన్ని కూలదోసింది. ఇంత చిన్నదాని మీద మన్ను ఎలా వేయడం? కాళ్లు ముందుకు పడలేదు. ‘కట్టయ్యా, నాతోని కాదు. నువ్వు తీస్కపో’ అన్నాడు. కట్టయ్య రెండు చేతులూ చాచాడు.

కట్టయ్య సందు మలుపు తిరిగేదాకా చూసి, వెంకట్రాజం నర్సంపేట బస్సెక్కాడు. ఎందుకెక్కాడో అతనికే తెలియదు. దుకాణంలో ఏం చేయాలో తెలుసు, అంతే. కాంటా ముందు కూర్చుని మిర్చి తూచాడు. పన్నెండు దాటక ముందే కట్టయ్య కూడా వచ్చాడు. నీళ్ల గాబు దగ్గర చేతులకంటిన మట్టి కడుక్కుని బస్తాలు మోయడం మొదలుపెట్టాడు. ఇతను అడగలేదు, అతను చెప్పలేదు. నాలుగింటికి ఎస్సై జీపు వచ్చింది. ఆ పూట వెంకట్రాజం చేతికి ఏ కాగితమిచ్చినా సంతకం పెట్టేవాడే.

సాయంత్రం వరంగల్లు తిరిగొచ్చి, బస్టాండు కుళాయి కింద తలమీదుగా నీళ్లు పోసుకుని, తడి ధోవతితో దవాఖానకు వెళ్లాడు. ఆ తడి బట్టలు చూసి అనసూయ అతని చెయ్యి పట్టుకుని అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఏడవలేదట. కోర్టులో చెప్పిన అబద్ధం కన్నా ఆ తడి బట్టల అబద్ధం ముందుది. ఆ తర్వాత కట్టయ్య ముఖం చూడటమే కష్టమైపోయింది. ఆరు నెలలు తిరగకముందే ‘ఇంకో కాడ పని చూసుకో’ అని పంపేశాడు.

ఇప్పుడు ఐదో పేరా కింద సంతకం పెడితే ఎవరికి నష్టం? రాయమల్లు బయటికి వస్తాడు. అనసూయకు తన నమ్మకం తనకు ఉంటుంది. ఇంట్లో మళ్లీ ఇద్దరూ కడుపునిండా తింటారు. అందరికీ ఇంతగా పనికొచ్చే అబద్ధం మళ్లీ దొరుకుతుందా? గోడ గడియారం రెండు కొట్టింది. పెట్టేద్దామనే అనుకున్నాడు. చొక్కా వేసుకుని, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, హనుమకొండ సిటీ బస్సెక్కేటప్పుడు కూడా పెట్టేద్దామనే అనుకున్నాడు.

*

కిషన్ రావు ఇంటి వసారాలో అనసూయ బెంచీ మీద కూర్చుని ఉంది. మొగిలమ్మ కింద మెట్టు మీద. పైన కూర్చోమంటే కూర్చునే మనిషి కాదు. పొద్దంతా ఎనుమాముల యార్డులో మిరపకాయలకు తొడిమెలు తీసే పని. ఆ ఘాటుకు ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి, కాబట్టి ఏడ్చిందో లేదో ఎవరికీ తెలియదు.

“మొన్న ములాఖతుకు పోయిన సేటమ్మా,” అంటోంది. “ఇనుప జాలి అవతల ఆయన, ఇవతల నేను. ఇంతకుముందు శాన మాట్లాడేటోళ్లం. ఇప్పుడు ఏం మాట్లాడాల్నో ఇద్దరికి ఎరుకైతలేదు. ప్రతిసారి ‘ఎర్ర కోడె ఎట్లున్నది’ అంటడు. అది సచ్చి మూడేండ్లాయె. మంచిగున్నది అంట. మేత మేస్తాందా అంటడు. మేస్తాంది అంట. గంతే. టైమైపోతది.”

“చెప్పరాదు మరి.”

“ఎట్ల జెప్పాలె? తనకు ఊళ్లె మిగిలింది అదొక్కటే అనుకుంటాండు.”

గేటు చప్పుడైంది. వెంకట్రాజాన్ని చూసి మొగిలమ్మ లేచి నిలబడింది. అనసూయ లేవలేదు కానీ ముఖంలో ఏదో సడలింది. వచ్చాడు. అదే చాలనుకుంది.

కిషన్ రావు కళ్లద్దాలు సర్దుకుంటూ బయటికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. నెలకు రెండుసార్లు జైలుకు వెళ్లి ఖైదీల అర్జీలు రాసిపెట్టడం ఆయన అలవాటు. రాయమల్లును అక్కడే చూశాడు. గడువు దాటిపోయిన అప్పీలును హైకోర్టు తీసుకునేలా చేయడానికి ఆయనకు ఏడాది పట్టింది.

“రాండ్రి సేటు. చదివిండ్రా?”

“చదివిన.”

“మంచిది. సంతకం పెట్టేముందు ఒక్క మాట చెప్పాలె. దీన్ని హైకోర్టు ఊకనే నమ్మదు. మిమ్ములను మళ్లీ బోనెక్కిస్తరు. సర్కారు వకీలు ప్రతి మాట తవ్వుతడు. ఒక్క ముచ్చట అబద్ధమని తేలినా తతిమ్మాదంతా గంగల కలుస్తది. రాయమల్లుకు ఇంకో మోఖా రాదు. ఇంకో పంచు పట్వారీ, ఆయన సచ్చిపోయిండు. మిగిలింది మీరొక్కరే.”

పెన్ను మూత తీసి అందించాడు. వెంకట్రాజం తీసుకున్నాడు. కాగితాలు బల్ల మీద పరిచాడు. నాలుగో పేజీ అడుగున తన పేరు, దానిపైన ఖాళీ.

పెన్ను కదల్లేదు.

వసారాలో ముగ్గురూ అతని చేతినే చూస్తున్నారు.

“ఏమైంది?” అన్నాడు కిషన్ రావు.

మొగిలమ్మ అడుగు ముందుకు వేసింది.

“పెట్టడు సారు. నాకెర్కనే. ఆరు దినాల సంది పెట్టనోడు ఇయ్యాల పెడతడా? సేటూ, నీ కాళ్లు మొక్కుతననుకుంటానవేమో. మొక్క. ఎనిమిదేండ్ల సంది అందరియి మొక్కిన. నువ్వు సంతకం పెట్టిన దినం నాకు ఇరవై ఆరేండ్లు. ఇప్పుడు నన్ను చూడు. మొగడున్నడని బొట్టు పెట్టుకుంటే ఊళ్లె నవ్వుతరు. తీస్తే ఆయన జాలి అవతల ఏడుస్తడు. నేనేం జెయ్యాలె చెప్పు? గదన్న చెప్పి పో.”

“పెడుత మొగిలమ్మా,” అన్నాడు వెంకట్రాజం. “పెట్టననలే. వకీలు సాబ్, ఐదోది కొట్టేయుండ్రి.”

“ఐదోదా?” కిషన్ రావు వంగి చూశాడు. “అసలు కేసు నిలవడ్డదే దాని మీద. ఎందుకు కొట్టేయాలె?”

“నిజం కాదు.”

అనసూయ తల ఎత్తింది.

“ఏది నిజం కాదు?” అంది.

“నేను పంచనామా కాడికి పోలే. అది నిజం. బిడ్డను మన్నుల పెట్టింది గూడ… నేను గాదు.”

వసారా పక్కన పంపు దగ్గర ఎవరో బిందె పెట్టినట్టున్నారు. నీళ్ల చప్పుడు మొదలైంది.

“ఆ మధ్యాహ్నం ఎక్కడున్నరు?” అనసూయ అడిగింది.

“దుకాణంల.”

“దుకాణంల?”

“నాతోని కాలే అనసూయా. గేటుదాంక పోయిన. ఇంక కాళ్లు పోలే. ఇచ్చేసిన. బస్సెక్కి పోయిన. కాంట ముంగట కూసున్న. నాలుగు గంటలకు ఎస్సై వచ్చి కాయితం పెట్టిండు, సంతకం పెట్టిన. పొద్దుగూకినంక బస్టాండు నల్ల కింద తానం జేసి నీ కాడికొచ్చిన.”

అనసూయ అతన్నే చూస్తోంది. ఏడవలేదు. అరవలేదు. ఎవరో తెలియని మనిషి తన పేరు పిలిస్తే చూసినట్టు చూస్తోంది.

“ఎవరికిచ్చిండ్రు?”

“కట్టయ్యకు.”

“నాకు క్యారియర్ తెచ్చిన కట్టయ్యకా?”

“ఆఁ.”

“ఎక్కడ పెట్టిండు?”

“నేను అడగలే.”

“ఎనిమిదేండ్లల ఒక్కసారి గూడ?”

“అడగలే.”

ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడిచేవాళ్లు లేరు. తనూ తుడుచుకోలేదు.

కిషన్ రావు కుర్చీలో కూలబడి నుదురు రుద్దుకున్నాడు. కోపం వచ్చింది ఆయనకు. దాచుకునే అలవాటు లేదు.

“ఇప్పుడా చెప్పేది సేటు? భార్యాభర్తలిద్దరు ఒకే మాట చెప్తాన్రు, ఇంక తిరుగులేదనుకున్న. ఇప్పుడేమైంది? ఆమె ఏం చూడలే. మీరేమో ఆ గుడిసెకు ఐదు మైళ్ల దూరంలనే ఉన్నరు. దుకాణం విడిచి పోయి చూసి రాలేదని గ్యారంటీ ఏందని సర్కారు వకీలు అడుగుతడు. పన్నెండు నుంచి నాలుగుదాంక మీరు దుకాణంలనే ఉన్నరని, కాయితం అక్కడికే వచ్చిందని చూసినోడు ఇంకోడు ఉన్నడా?”

“ఉన్నడు. కట్టయ్యనే. పొద్దుగూకేదాంక అక్కడనే బస్తాలు మోసిండు. జీపు వచ్చుడు, నేను పెట్టుడు… అన్ని చూసిండు.”

“ఏడున్నడు?”

“తెల్వదు. పని మానుకొమ్మన్న. ఎటు పోయిండో అడగలే.”

కిషన్ రావు కాగితాలు తన వైపు లాక్కున్నాడు. ఐదో పేరా మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాడు. పక్కన ఖాళీలో స్వహస్తాలతో నాలుగు లైన్లు రాశాడు. బల్ల మీదుగా తోశాడు. వెంకట్రాజం ఆ నాలుగు లైన్లూ పైకి చదివాడు, బళ్లో పిల్లవాడిలా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. ‘నా కుమార్తెను ఖననం చేయు నిమిత్తం నా హమాలీకి అప్పగించి’ అన్నచోట ఆగిపోయాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. ఈసారి చివరిదాకా వెళ్లాడు. సంతకం పెట్టాడు.

“ఇది రేపు తీస్కపోత,” అన్నాడు కిషన్ రావు, ఈసారి నెమ్మదిగా. “సోమవారం నాడు జడ్జి గారిని గడువు అడుగుత. రెండు వారాలు ఇస్తరేమో. అంతల కట్టయ్య దొరకాలె. దొరకకుంటే ఈ ఒక్క సంతకం తోని రాయమల్లు బయటికి రాడు. అబద్ధమెందుకు చెప్పాలె మీకు.”

మొగిలమ్మ మెట్టు మీద మళ్లీ కూలబడింది. గెలిచామో ఓడామో ఆమెకు అర్థం కాలేదు. సంతకమైతే పడింది. దారి మాత్రం నిన్నటికన్నా దూరం జరిగింది.

అనసూయ లేచింది. సంచీ భుజాన వేసుకుంది. భర్త పక్కనుంచే నడిచి, మెట్లు దిగి, మొగిలమ్మ ముందు ఆగి చెయ్యి చాచింది.

“లే మొగిలమ్మా. మనిద్దరికి గావాల్సింది ఒక్కడే మనిషి. పాత దుకాణం కాడ అతనితోని పనిచేసినోళ్లు ఎవరన్న ఉంటరు. పోయి అడుగుదం.”

“ఇప్పుడేనా సేటమ్మా?”

“ఇప్పుడే. నర్సంపేట బస్సున్నది.”

మొగిలమ్మ ఒక్క క్షణం ఆ చేతిని చూసింది. ఎనిమిదేళ్లలో ఏ సేటమ్మా ఆమెకు చెయ్యి ఇవ్వలేదు. పట్టుకుని లేచింది.

వెంకట్రాజం గబగబా మెట్లు దిగాడు. చెప్పులు తొడుక్కోబోతే కాలు ఒకదాంట్లోకే దూరింది.

“అనసూయా, ఆగు. నేను గూడ వస్త.”

ఆమె ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు.

“ఆ దినం రాలే కద,” అంది.

మొగిలమ్మ గేటు గడియ తీసింది.